కంటిపాప కదిలేదాకా

లోహా,
ఫిబ్రవరి 1998, మంగళవారం.

తార్హేలియా వదినకు,

ఈ ఉత్తరం చేతికి అందగానే ముందు కూర్చోండి. నిలబడి చదవద్దు. ఎలాదియో బతికే ఉన్నారు. ఆ ముక్క మొదటే రాసేస్తే మిగతాది మీరు ఓపిగ్గా చదువుతారని రాస్తున్నాను.

ఆదివారం మధ్యాహ్నం తాళాల కొట్టు కట్టేసి, ఎప్పటిలాగే మా పేట మైదానంలో ముగ్గురేసి ఆడే వాలీబాల్‌కి వెళ్లారు. బంతి అవతలికి కొడదామని చేతులెత్తినవారు ఎత్తినట్టే బోర్లా పడిపోయారు. ముందు అందరూ నవ్వారట, నాటకమాడుతున్నారని. మీ తమ్ముడి సంగతి మీకు తెలుసుగా, ఓడిపోయే ఆటలో ఎన్ని వేషాలైనా వేస్తారు. ఆ నవ్వుల్లో ఎంతసేపు గడిచిందో ఇప్పుడు ఎవరిని అడిగినా చెప్పలేకపోతున్నారు. చివరికి ఫైరింజను డ్రైవరు ఒకాయన వెల్లకిలా తిప్పి చూస్తే ఊపిరి లేదు, నాడి లేదు. ఆసుపత్రి బండి వచ్చేదాకా ఆయనే గుండె మీద నొక్కుతూ ఉన్నాడు. ఆసుపత్రిలో కరెంటు షాకులిచ్చాక గుండె మళ్లీ కొట్టుకుంది.

గుండె కొట్టుకుంటోంది కానీ మనిషి లేవలేదు. గొంతులో గొట్టం వేశారు. మిషనే ఊపిరి పోస్తోంది. ఎంత పిలిచినా పలకడం లేదు. ఇక్కడి పెద్ద డాక్టర్ పేరు బుర్నెయో. "గుండె సంగతి మేం చూసుకుంటాం అమ్మా. తలలోకి గాలి అందకుండా ఎంతసేపు ఉందో, లోపల ఏం మిగిలిందో, అది తెలియాలి. కొన్నాళ్లు ఆగాలి" అన్నారు. ఎన్నాళ్లంటే మాత్రం చెప్పరు.

మీరు బయల్దేరద్దు. ఈ వానలకి దారిలో కొండ విరిగిపడింది. జనం బస్సు దిగి, మోకాళ్ల లోతు బురదలో నడిచి, అవతల ఇంకో బస్సు ఎక్కుతున్నారు. విరిగి అతుక్కున్న మీ తుంటితో అది అయ్యే పని కాదు. ఫోను స్తంభాలు కూడా కొట్టుకుపోయాయి. ఉత్తరం బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. జవాబు ఆయనకే ఇవ్వండి.

మీ మరదలు
జెనైదా

*

సెలికా,
బుధవారం.

జెనైదా,

నువ్వు కూర్చోమన్నావు, నేను కూర్చోలేదు. కర్ర పట్టుకుని నేరుగా బస్సు దగ్గరికి వెళ్లాను. డ్రైవరు నన్ను ఎగాదిగా చూసి, "మిమ్మల్ని ఎక్కించుకుంటే ఆ బురదలో భుజాన మొయ్యాలి పెద్దమ్మా, నా వల్ల కాదు" అన్నాడు. వాణ్ని నాలుగు తిట్టి ఇంటికొచ్చాను.

పడిపోయినవాణ్ని చూసి నవ్వారా! అంతమంది మగాళ్లున్నారు, ఒక్కడికైనా బుద్ధి లేదా? నేనక్కడుంటే ఒక్కొక్కడి చెవి మెలేసేదాన్ని.

వాడికి అయిదేళ్లప్పుడు మా అమ్మ పోయింది. నాకప్పుడు ఇరవై. పెళ్లి మానుకుని వాణ్ని పెంచాను. వాడి ఒంటి సంగతి నాకు తెలిసినట్టు ఏ బుర్నెయోకీ తెలియదు. వాడు జడుసుకున్నాడు, అంతే. చచ్చి బతికినవాడికి జడుపు ఉండదా? ప్రాణం లోపలెక్కడో ముడుచుకుని కూర్చుంది.

మీ పెరటి గోడ పక్కన గువాంటో చెట్టుంది కదా, తెల్లపూలు బూరల్లా కిందికి వేలాడుతుంటాయి. దాని లేతాకులు నలిపి గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టు. ఆ నీళ్లలో గుడ్డ తడిపి రెండు కళ్ల మీదా వేసి ఉంచు. జడుపు కళ్లలోంచే పోతుంది. మా అమ్మ నాకు వేసేది, నేను వాడికి వేశాను. గుర్రం మీంచి పడి మాటా పలుకూ లేకుండా పోయినప్పుడు ఇదే వైద్యం చేశాను. తెల్లారేసరికి లేచి అరటికాయ సూపు అడిగాడు.

డాక్టర్లకి చెప్పకు. నవ్వుతారు, పైగా వద్దంటారు. పట్నందానివి, నువ్వు కూడా నవ్వుతావని తెలుసు. నవ్వుకో, కానీ వెయ్యి. ఇంతవరకు నేను నిన్ను ఏదీ అడగలేదు.

తార్హేలియా

*

లోహా,
ఆదివారం.

వదినా,

నవ్వలేదు. మీరు చెప్పినట్టే చేస్తున్నాను. ఆయన రెప్పలు పూర్తిగా మూసుకోవడం లేదు. కళ్లు ఎండిపోకుండా తడిగుడ్డ ముక్కలు వేసి ఉంచాలట. నర్సమ్మ ఆ పని నాకే అప్పజెప్పింది. నా సంచిలో సీసా ఉంటుంది. నీళ్లకు బదులు అందులోది పోసి తడుపుతున్నాను. ఎవరూ గమనించలేదు.

పొద్దున్నే డాక్టర్ వచ్చి పరీక్ష చేస్తారు. దూదితో కంటిని తాకుతారు. గోటి మీద పెన్ను పెట్టి గట్టిగా నొక్కుతారు. చూస్తున్న నాకు ఏడుపొస్తుంది, ఆయనలో చలనం ఉండదు. తర్వాత రెప్పలెత్తి కళ్లలోకి టార్చి వేస్తారు. వెలుగు పడగానే కంటిపాప చిన్నదవ్వాలట. అలా అయితే తలలో అడుగున ఉన్న భాగం బతికి ఉన్నట్టు లెక్క. రోజులు గడిచినా కదలకపోతే ఆశ పెట్టుకోవద్దంటారు.

వచ్చిన రోజు కొద్దిగా కదిలిందట. ఇప్పుడు అదీ లేదు. "అంటే దిగజారుతోందన్నమాట" అన్నారు డాక్టర్, నాతో కాదు, పక్కనున్న చిన్న డాక్టర్‌తో. నేను విన్నానని ఆయనకు తెలియదు.

నేనూ చూశాను వదినా. మీ తమ్ముడి కళ్లు తేనెరంగు కదా. ఆ తేనెరంగు ఇప్పుడు కనబడడం లేదు. అంతా నలుపే. నావైపు తిరిగి ఉన్నాయి కానీ నన్ను చూడడం లేదు. గుడ్డ మళ్లీ కప్పేశాను.

ఆకు ఇంకా వెయ్యనా, మానెయ్యనా?

జెనైదా

*

సెలికా,
సోమవారం.

జెనైదా,

మానేస్తే ఊరుకోను. నువ్వు పల్చగా కలుపుతున్నావు, అందుకే పట్టడం లేదు. గుప్పెడు ఆకు వెయ్యి. గుడ్డ ఆరనివ్వకు.

దిగజారుతోందని ఒకడంటే నువ్వు వినేయడమేనా? టార్చిలైటు వేసి మనిషి బతుకుతాడో లేదో చెప్పేస్తారా? కోడిగుడ్డుని దీపానికి పెట్టి చూసినట్టు! ఆ డాక్టర్ని వాడి చెవి దగ్గర నా పేరు చెప్పమను. "తార్హేలియా వస్తోంది, లే" అనమను. వాడు పక్కింటి జామకాయలు దొంగిలించి నిద్ర నటిస్తున్నప్పుడు నేను అలా అంటే చాలు, లేచి పరిగెత్తేవాడు.

రోజూ బస్సు వచ్చే వేళకి వీధిలో నిలబడుతున్నాను. కండక్టరు దిగుతుంటే వాడి చేతుల్లోకి చూడను, మొహంలోకి చూస్తాను. నాకు భయంగా ఉంది. ఈ ముక్క ఎవరికీ చెప్పకు.

తార్హేలియా

*

లోహా,
బుధవారం.

వదినా,

ఈరోజు డాక్టర్ బుర్నెయో కుర్చీ వేసి నన్ను కూర్చోమన్నారు. డాక్టర్లు కుర్చీ వేశారంటే అది మంచి కబురు కాదని ఇక్కడ వరండాలో అందరికీ తెలుసు.

"అమ్మా, నేను మీకు అబద్ధం చెప్పను" అన్నారు. "కంటిపాపలు కదలడం లేదు. నొప్పి పెట్టినా చెయ్యి లాక్కోవడం లేదు. ఇన్నాళ్లకి ఇలా ఉన్నవాళ్లు లేవరు."

"ఒక్కరూ లేవలేదా?" అన్నాను.

"నేను చూడలేదు."

"మీరు చూడనివి ఉండవా?"

ఆయన కోప్పడలేదు. "మీరు అడగాల్సిందే అడిగారు. కానీ నేను చూసినదాన్ని బట్టే కదా చెప్పగలను" అన్నారు. మిషను తీసేస్తే బాధ ఉండదట. తీయకపోతే ఇలాగే నెలలు పడి ఉండి, ఒళ్లు పుళ్లు పడి, ఏదో జ్వరానికి పోతారట. తొందరేం లేదు, ఇంట్లోవాళ్లతో మాట్లాడుకుని చెప్పమన్నారు.

ఇంట్లోవాళ్లంటే నాకు మీరే. ఆయన్ను పెంచింది మీరు. మీ మాట లేకుండా నేను ఏమీ చెయ్యను. ఆకు చిక్కగానే వేస్తున్నాను, ఏమీ తేడా లేదు. మీరు వద్దంటే వద్దు, సరేనంటే సరే. కానీ ఏదో ఒకటి రాయండి. నేను ఒక్కదాన్ని మొయ్యలేకపోతున్నాను.

జెనైదా

*

సెలికా,
గురువారం.

జెనైదా,

ఎంత తేలిగ్గా రాశావు! పెళ్లయి పదకొండేళ్లు. ఒక బిడ్డని కనివ్వలేదు. ఇప్పుడు వీధిదీపం ఆర్పినట్టు వాణ్ని ఆర్పేద్దామని నన్నే సరేననమంటున్నావు. రేపు నలుగురూ అడిగితే "మా వదినే ఒప్పుకుంది" అని చెప్పుకోవచ్చు. చాలా తెలివైనదానివి.

నేను వాడికి తినిపించిన ముద్దలు నువ్వు లెక్కపెట్టగలవా? ఆసుపత్రి వరండాలో నాలుగు రోజులు కూర్చోగానే నీకు ఓపిక అయిపోయింది. విధవలు కట్టే నల్లబట్టలు కుట్టించేసుకున్నావా, ఇంకా కొలతల దగ్గరే ఉన్నావా?

ఆకు చిక్కగా వేస్తున్నానన్నావు. అబద్ధం. నీకు నమ్మకం లేదు, నమ్మకం లేని చేత్తో వేస్తే ఏ వైద్యమూ పనిచెయ్యదు. వాడికి ఏమైనా అయితే అది డాక్టర్ వల్ల కాదు, నీ చేతి వల్ల.

తార్హేలియా

*

లోహా,
శుక్రవారం.

శ్రీమతి తార్హేలియా గారికి,

మీ ఉత్తరం ఆసుపత్రి స్నానాలగది దగ్గర చదివాను. చదివాక సీసాలో ఉన్నదంతా తొట్టిలో పారబోశాను. మిగిలిన ఆకు కూడా అక్కడే పడేశాను. నా చేతికి నమ్మకం లేదన్నారు కదా. ఇక ఈ చేత్తో మీ ఆకు వెయ్యను. నర్సమ్మ ఇచ్చే మామూలు నీళ్లే వేస్తాను.

డాక్టర్‌తో సరేనన్నాను. సోమవారం పొద్దున్న ఆఖరిసారి పరీక్ష చేసి, తర్వాత మిషను తీస్తారు. ఫాదిరీ గారు వచ్చి, పోయేవాళ్లకి రాసే నూనె రాసి వెళ్లారు. మీ అనుమతి అడగడం లేదు. తెలియజేస్తున్నాను.

బిడ్డల సంగతి ఎత్తారు కనుక చెబుతున్నాను. మూడుసార్లు పోయాయి. మీకు చెప్పద్దన్నది మీ తమ్ముడే. "అక్క ఏడుస్తుంది" అన్నారు.

ఏడ్చి ఏడ్చి నాకు ఒక కన్ను మసక కమ్మింది. అక్షరాలు వంకరపోతే మన్నించండి.

జెనైదా

*

లోహా,
సోమవారం, మధ్యాహ్నం.

వదినా,

ఆపేశారు. మిషను తీయడం ఆపేశారు.

పొద్దున్న డాక్టర్ టార్చి వేశారు. వేసి తీశారు. మళ్లీ వేశారు. చిన్న డాక్టర్ని పిలిచి ఆయన్ను కూడా వేయమన్నారు. ఆయన "కదిలింది సార్" అన్నాడు. నేను నేల మీద కూర్చుండిపోయాను. రెండో కన్ను కూడా కదిలింది, నెమ్మదిగా. నన్ను దగ్గరికి పిలిచి చూపించారు. నలుపు చుట్టూ సన్నగా తేనెరంగు కనిపించింది వదినా!

ఇది లేస్తారని కాదు, లేవరని చెప్పడానికి ఇక వీల్లేదని మాత్రమేనట. ఆగుదామన్నారు. ఎన్నాళ్లో చెప్పలేరట. నాకైతే ఆ "చెప్పలేను" అన్న మాట ఎంత తియ్యగా ఉందో.

ఇకమీదట కళ్లకి బయటి మందులేవీ వెయ్యకూడదని గట్టిగా చెప్పారు. వెయ్యను.

మొన్న రాసుకున్న ఉత్తరాల సంగతి తర్వాత చూసుకుందాం. ఇప్పుడు ప్రార్థన చెయ్యండి.

జెనైదా

*

సెలికా,
మంగళవారం.

జెనైదా, నా తల్లీ,

చూశావా! ఎవరు చెప్పారు? గువాంటో పనిచెయ్యడానికి టైము పట్టింది, అంతే. నువ్వు పారబోసేలోపే ఒంట్లోకి దిగిపోయింది. ఉత్తరం చదివి, కర్ర మర్చిపోయి వీధిలోకి వెళ్లాను. కనబడినవాళ్లందరికీ చెప్పాను. నాకు నోరు పెద్దదని అంటారు కదా, ఈరోజు దానికి తగిన పని దొరికింది.

కండక్టరు చేతికి కాఫీ గింజలు, జున్ను ఇచ్చి పంపుతున్నాను. జున్ను వాడికి కాదు, నీకు. తిను. నువ్వు ఏమీ తినడం లేదని నీ చేతిరాత చూస్తే తెలుస్తోంది.

ఆ మూడింటి సంగతి నాకు తెలియదు. తెలిస్తే అలా రాసేదాన్ని కాదు. వాడు చెప్పింది నిజమే, ఏడ్చాను.

తార్హేలియా

*

లోహా,
మే నెల.

వదినా,

ఆయన్ను ఇంటికి తెచ్చాను. ఊపిరి తనంతట తనే పీల్చుకోగానే గొట్టం తీశారు. అప్పటి నుంచీ నెలలు ఇలాగే గడిచాయి. మొదట ఒక వేలు లాక్కున్నారు, తర్వాత కళ్లు తెరిచారు, తెరిచి గోడకేసి చూస్తూ ఉండిపోయారు. ప్రతిసారీ నేను డాక్టర్ దగ్గరికి పరిగెత్తి "ఇంకేం వస్తుంది?" అని అడగడం, ఆయన చేతులెత్తేయడం. ఇప్పుడు నడుస్తున్నారు. స్పూను పట్టుకుంటారు. మాట నెమ్మదిగా వస్తోంది.

కానీ ఏదీ నిలవదు. అన్నం తిని, ఇంకా పెట్టలేదేమంటారు. కొట్టు ఎక్కడుందో తెలియదు. మొన్న అద్దంలో చూసుకుని "ఎవరీ ముసలాయన?" అన్నారు. నవ్వాను. తర్వాత వంటింట్లోకి వెళ్లి కూర్చున్నాను.

ఎప్పుడూ మిమ్మల్నే తలుస్తుంటారు. చిన్నప్పటి సంగతులన్నీ ఉన్నాయి. సెలికా మంచు, గుర్రం, మీ తిట్లు. ఆ తర్వాతి ఇరవై ముప్ఫై ఏళ్లు మాత్రం లేవు.

జెనైదా

*

సెలికా,
జూన్.

జెనైదా,

నన్ను తలుస్తున్నాడా! ఈ ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదివానో చెప్పను.

ఇక్కడో కబురు. మా వీధిలో రొట్టెలు చేసే ఆమె మొగుడికి పక్షవాతం వచ్చి తెలివి లేకుండా పడి ఉన్నాడు. "మీ తమ్ముణ్ని లేపిన ఆకు మాకూ చెప్పండి" అని వచ్చి కూర్చుంది. వాళ్లు అతన్ని రేపో మాపో లోహా ఆసుపత్రికి తెస్తారు. ఆకు నేనే కోసి, ఎంత నీళ్లో ఎంత ఆకో దగ్గరుండి నేర్పించాను. నువ్వు కూడా అక్కడ వాళ్లకి సాయం చెయ్యి. నీకిప్పుడు చెయ్యి తిరిగింది కదా.

తార్హేలియా

*

లోహా,
జూన్, ఉత్తరం అందిన వెంటనే.

వదినా,

ముందు ఆ ఆకు పారేయించండి. ఈ ఉత్తరం మిగతాది తర్వాత చదవండి. వెళ్లి పారేయించి రండి.

ఇప్పుడు వినండి. నేను ఇన్నాళ్లూ చెప్పకుండా ఉండిపోదామనుకున్నాను. ఆ సోమవారం డాక్టర్ నా మొహం చూసి, "మీ కన్నేమైంది?" అన్నారు. నా కంటిపాప ఒకటి మామూలుగా ఉంది, రెండోది పెద్దదై నల్లగా ఉంది. సీసా పారబోసిన చేత్తోనే కన్నీళ్లు తుడుచుకున్నాను కదా. నా కంట్లో కూడా టార్చి వేశారు. కదల్లేదు. నేను బతికే ఉన్నాను, మాట్లాడుతున్నాను, కానీ నా కంటిపాప కదల్లేదు.

"ఏం వేశారు ఆయన కళ్లలో?" అన్నారు.

చెప్పాను. ఆయన తల పట్టుకుని కూర్చున్నారు. "అది ఉమ్మెత్త జాతి అమ్మా. దాని పసరు తగిలితే మంచివాడి కంటిపాప కూడా రోజుల తరబడి కదలదు. నేను మీ ఆయన తలలోకి చూస్తున్నాననుకున్నాను. మీ సీసాని చూస్తున్నాను. ఆ మాటతో మీ చేత సరే అనిపించాను." తిట్టలేదు. తిడితే బాగుండేది. అప్పటినుంచీ ఏది అడిగినా ఆయన నోట జోస్యం రాదు.

మీ ఆకు ఆయన్ను చంపబోయింది వదినా. మీ తిట్లు బతికించాయి. ఆ ఉత్తరంలో తిట్లకు బదులు సరేనని ఉంటే నేను ఆదివారం దాకా గుడ్డ తడుపుతూనే ఉండేదాన్ని. సోమవారం మిషను తీసేసేవారు.

మీ ఒక్కరిదే అనడం లేదు. వేసిన చెయ్యి నాది. సరేనన్న నోరు నాది.

జెనైదా

*

సెలికా,
జూలై.

జెనైదా,

పారేయించాను. ఆ రోజే కర్ర పట్టుకుని వెళ్లి, రొట్టెలామె ఇంటినిండా జనం ఉండగానే చెప్పాను. నా తమ్ముణ్ని నేనే చంపబోయానని, నా మాట వినద్దని. వాళ్లు నన్ను ఓదార్చబోయారు. ఓదార్చనివ్వలేదు.

ఇన్ని నెలలు నువ్వు దాచావు. నేను వీధుల్లో గొప్పలు చెప్పుకుంటుంటే చదివి ఊరుకున్నావు. నీ స్థానంలో నేనుంటే ఒక్క పూట దాచేదాన్ని కాదు. ఊరందరికీ చెప్పి నిన్ను బతకనిచ్చేదాన్ని కాదు.

రోడ్డు బాగైంది. బస్సు నేరుగా వెళ్తోందట. నువ్వు రమ్మంటేనే వస్తాను. వాడి మొహం చూడ్డానికి నాకు మొహం లేదు.

తార్హేలియా

*

లోహా,
ఆగస్టు.

వదినా,

రండి. ఎల్ సిస్నే ఊరి మరియమ్మ విగ్రహాన్ని భుజాల మీద మోసుకుంటూ ఇరవయ్యో తేదీకి ఇక్కడికి తెస్తారు. ఆ ఉత్సవానికి వచ్చే జనంతో బస్సెక్కి వచ్చేయండి.

నేను రమ్మనకపోవడానికి మీ ఆకు కారణం కాదు. ఇంకో సంగతి దాచాను. ఆయన నన్ను "అక్కా" అని పిలుస్తారు. లేచాక అన్న మొదటి మాటే అది. నేనే మీరనుకుంటున్నారు. మొదట కాదని చెప్పాను. "మరి నువ్వెవరు?" అని బెదిరిపోయారు. పెళ్లి ఫోటో చూపిస్తే బోర్లా తిప్పి పెట్టేశారు. అప్పటినుంచీ "అక్కా" అంటే "ఊఁ" అంటున్నాను.

మీరొస్తే అసలు అక్క వస్తుంది. అప్పుడు ఈ ఇంట్లో నేనెవరిని? రోజూ అన్నం వడ్డిస్తూ అదే భయం. నేను ఎప్పటికైనా గుర్తొస్తానా అని డాక్టర్ని అడిగాను. "అడగద్దమ్మా" అన్నారు.

అయినా రండి. ఆయన్ను అక్కకి దూరం చేసే హక్కు నాకు లేదు.

జెనైదా

*

సెలికా,
సెప్టెంబరు.

జెనైదా,

మీ ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ నేను సరిగ్గా మాట్లాడలేదని నీకు అనుమానం వచ్చి ఉంటుంది. నాకు నోరు పెగలకపోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఎదురుగా చెప్పలేక రాస్తున్నాను.

వాడు నన్ను గుర్తుపట్టలేదు. నువ్వు చూశావుగా. తలుపు తీసి, "రండి పెద్దమ్మా, కూర్చోండి. అక్కా, ఈవిడకి కాఫీ ఇవ్వు" అన్నాడు. నేనే తార్హేలియానిరా అని నోటిదాకా వచ్చింది. వాడు వెతికే అక్కకి ముప్ఫై అయిదేళ్లు, నల్లటి జడ ఉంటుంది. నాకు అరవై ఒకటి. నీ మొహం చూశాను. నువ్వు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నావు, ఎవరో వచ్చి ఇల్లు ఖాళీ చెయ్యమంటారేమో అన్నట్టు. నోరు మూసుకున్నాను.

నువ్వు కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాక జరిగింది నీకు తెలియదు. వాడు కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించి అన్నాడు.

"పెద్దమ్మా, ఆవిడ మా అక్క కాదు."

"ఎందుకలా అంటున్నావు నాయనా?" అన్నాను.

"మా అక్క ఇంతసేపు అరవకుండా ఉండగలదా? నేను అన్నం ఒలకబోసినా ఈవిడ ఏమీ అనదు. మొదట్లో అక్కే అనుకున్నా. కాదని ఈమధ్యే తెలిసింది. కానీ అక్కా అంటే పలుకుతుంది కదా, కాదంటే బాధపడుతుందేమోనని అలాగే పిలుస్తున్నా."

"మరి ఎవరనుకుంటున్నావు?"

"తెలీదు. ఎవరో గానీ నన్ను వదిలిపెట్టి ఎక్కడికీ వెళ్లదు. ఆవిడకి పెళ్లయిందో లేదో మీకేమైనా తెలుసా?"

"నీకెందుకు?" అన్నాను.

"కాకపోతే నేను చేసుకుంటాను. నాకు అమ్మ లేదు. అక్కతో చెబితే ఊరంతా వినేలా గొడవ చేస్తుంది. మంచిదే, నా కోసం చచ్చిపోతుంది, కానీ నన్ను ఇంకొకరికి ఇవ్వాలంటే దానికి మనసొప్పదు. మీరు పెద్దవారు, నెమ్మదిగా కనిపిస్తున్నారు. నా తరఫున మీరు అడిగిపెట్టరా?"

నన్ను నెమ్మదిదాన్నని ఈ భూమ్మీద అన్నది వాడొక్కడే. నన్ను గుర్తుపట్టి ఉంటే వాడు ఈ మాట నాతో చెప్పేవాడు కాదు. అందుకే గుర్తుపట్టకపోవడమే మంచిదనుకున్నాను. ఆ మాట రాయడానికి నాకు ఎంత కష్టంగా ఉందో నీకు వేరే చెప్పనక్కర్లేదు.

నువ్వు కాఫీ పట్టుకొచ్చావు. వాడు నాకు కన్నుగీటి, బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు.

పదకొండేళ్ల కిందట మీ పెళ్లికి నేను కాలు నొప్పని చెప్పి రాలేదు. కాలు బాగానే ఉంది. ఈసారి రాకుండా ఉండను. అబ్బాయి తరఫు పెద్దగా, అడగవలసిన పద్ధతిలో అడుగుతున్నాను. అబ్బాయికి నలభై ఆరేళ్లు. పనిలేదు. నిన్న జరిగింది గుర్తుండదు, రేపు ఎలా ఉంటాడో ఎవరూ పూచీ పడరు. గయ్యాళి అక్క ఒకతె ఉంది. మా ఎలాదియో నిన్ను ఇష్టపడ్డాడు జెనైదా. వాణ్ని చేసుకుంటావా?

జవాబు నాకు రాయకు, వెళ్లి వాడికే చెప్పు. ఆలస్యం చెయ్యకు. ఈ మాట వాడికి ఎన్నాళ్లు గుర్తుంటుందో మీ డాక్టర్ కూడా చెప్పలేడు.

తార్హేలియా